ఏసీ మేడమ్ లైనక్స్ పరీక్ష

ఆ ఆసుపత్రిలో ఆవిడను అందరూ ఏసీ మేడమ్ అనేవారు. ఏసీ గదిలో కూర్చునే పెద్ద ఆఫీసరు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటే పొరపాటే. ఏసీని చూస్తూ కూర్చోవడమే ఆవిడ ఉద్యోగం.

అంతకుముందు పద్నాలుగేళ్లు అక్కడే టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. ఏ డాక్టరు ఏ గదిలో ఉంటాడో, ఏ డాక్టరు ఏ గదిలో ఉన్నానని ఇంట్లో చెప్పాడో రెండూ ఆవిడకు తెలుసు. తర్వాత కొత్త ఫోన్లు వచ్చాయి. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే రికార్డింగు ఆవిడ పని లాగేసుకుంది. అన్ని రహస్యాలు తెలిసిన మనిషిని బయటికి పంపడానికి యాజమాన్యం జంకి, మూడో అంతస్తు చివర ఉన్న సర్వర్ గదిలో ఓ కుర్చీ వేయించింది. గంటకోసారి గది ఎంత చల్లగా ఉందో రిజిస్టర్లో రాయాలి. ఇరవై రెండు డిగ్రీలు దాటితే ఫోన్ చేయాలి. ఎవరికి చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ గదిలో అప్పట్లో సర్వర్‌ని చూసుకునే అడ్మిన్లు ఇద్దరు ఉండేవారు. ఒకతను ఇంకో కంపెనీలో చేరిపోయాడు. రెండో అతను పెళ్లికని పదిరోజులు సెలవు పెట్టి, పెళ్లి నచ్చిందో ఏమో, మళ్ళీ రాలేదు. పోతూ పోతూ ఒక స్పైరల్ నోట్‌బుక్ వదిలి వెళ్ళాడు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి ఉంది: "రీస్టార్ట్ చేయొద్దు. చచ్చినా చేయొద్దు." ఆ తర్వాతి పేజీల్లో ఏ రోగానికి ఏ మందో వరసగా ఉంది. ల్యాబ్ రిపోర్టులు ప్రింటవకపోతే తొమ్మిదో పేజీ. ఫార్మసీ బిల్లింగ్ ఆగిపోతే పదకొండో పేజీ. డిస్కు నిండిపోతే ఇరవయ్యో పేజీ.

అలా మూడేళ్లు గడిచాయి. ఎవరో ఒకరు హడావిడిగా ఫోన్ చేసేవారు, ఏసీ మేడమ్ పేజీ తీసేది, అందులో ఉన్న ఇంగ్లీషు ముక్కలు అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి ఎంటర్ నొక్కేది. పని అయిపోయేది. అది ఎందుకు పనిచేసిందని అడిగితే తనకు తెలియదు. రోజూ మందులు రాసే డాక్టర్లలో సగంమంది పరిస్థితీ ఇంతేనని, పద్నాలుగేళ్ల టెలిఫోన్ అనుభవంతో, ఆవిడ లోలోపల అనుకునేది.

సాఫీగా సాగుతున్న ఈ వ్యవహారంలోకి స్లైడ్స్ సార్ వచ్చిపడ్డాడు.

ఆయన కొత్తగా చేరిన ఐటీ హెడ్. ముప్పై ఐదేళ్లుంటాయి. నోరు తెరిస్తే ప్రొజెక్టర్ వెలగాల్సిందే. చేరిన వారంలోనే "మార్పు" అనే విషయం మీద అరవై రెండు స్లైడ్లు చూపించాడు. నలభై ఒకటో స్లైడులో ఒక ఖాళీ కుర్చీ బొమ్మ, కింద "సర్టిఫికెట్ లేని వనరు" అని ఉంది. ఆ వనరు తనేనని ఏసీ మేడమ్‌కి నలభై రెండో స్లైడు వచ్చేదాకా అర్థం కాలేదు.

మీటింగు అయ్యాక ఆయన ఆవిడను పక్కకు పిలిచాడు.

"నాలుగు నెలలు టైమిస్తున్నాను మేడమ్. మన సర్వర్ నడిచేది లైనక్స్ మీద కదా, ఆ లైనక్స్ అడ్మినిస్ట్రేషన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకోండి. మామూలు పరీక్ష కాదు, మెషీన్ మీద చేసి చూపించే పరీక్ష. ఫీజు ఆసుపత్రే కడుతుంది. ఒకసారి తప్పితే ఇంకోసారి రాసే వీలు కూడా ఉంది."

"పాసవకపోతే సార్?"

"మీరు పాసవ్వాలని నేను అనడం లేదు. ప్రయత్నించాలంటున్నాను. ప్రయత్నించారని రికార్డులో ఉంటుంది. ఆ తర్వాత కింద టోకెన్ మెషీన్ దగ్గర ఒక పోస్టు ఉంది."

"టోకెన్ మెషీన్ దానంతట అదే టోకెన్ ఇస్తుంది కదా సార్."

"ఇస్తుంది. కాకపోతే చించి చేతికివ్వడానికి మనిషి ఉంటే పేషెంట్లకు ఆత్మీయంగా ఉంటుందని సర్వేలో తేలింది."

ఏసీ మేడమ్ పైకి వెళ్ళి రిజిస్టర్లో ఇరవై ఒకటి అని రాసింది. అప్పటికి గదిలో నిజంగా ఎంత ఉందో చూడనేలేదు.

సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆవిడ, భర్త, అత్తగారు. భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. ఇరవై ఏళ్లుగా పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి. అత్తగారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పారు. చెప్పిన లెక్కలకన్నా, పరీక్ష హాల్లో ఆవిడ చేసిన కాపలాకే పేరెక్కువ. ఆవిడ వరసల మధ్య నడుస్తుంటే పిల్లలు హాల్‌టికెట్ చూసి గానీ తమ పేరు రాసుకోలేకపోయేవారట.

"ఎన్ని ప్రశ్నలు?" అని అడిగారు అత్తగారు.

"ప్రశ్నలుండవట అత్తయ్యా. రెండు కంప్యూటర్లు ఇచ్చి, ఇది చెయ్యి అది చెయ్యి అని ఓ ఇరవై పనులు చెప్తారట. మూడు గంటల్లో చేసి చూపించాలి."

"బిట్ పేపరుంటుందా?"

"ఉండదు."

"తెలియకపోయినా ఏదో ఒక దానికి టిక్కు పెట్టే వీలు?"

"అదీ లేదు."

అత్తగారి మొహం వెలిగిపోయింది. "నా సర్వీసంతా ఇలాంటి పరీక్ష పెట్టండి మహాప్రభో అని మొత్తుకున్నాను. ఒక్కడూ వినలేదు. అమ్మాయ్, నువ్వు ఈ పరీక్ష రాస్తున్నావు."

"రాయక తప్పదు కదత్తయ్యా, లేకపోతే టోకెన్లు చించాలి."

"డ్రైవింగ్ టెస్టు లాంటిదే కదా," అన్నాడు భర్త టీ తాగుతూ. "స్టీరింగ్ గురించి వ్యాసం రాస్తే ఎవడిక్కావాలి. ఎనిమిది వేసి చూపించాలి. నేను నేర్పిస్తాను."

"మీకు కంప్యూటరొచ్చా?"

"రాదు. అయినా భయం పోగొట్టడం వచ్చు."

ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. మరీ బరువైన పని చెప్తే హెయిర్ డ్రయ్యర్‌లా రొద పెట్టేది. ఆసుపత్రి లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక లావుపాటి పుస్తకం చూసి, ఆ ల్యాప్‌టాప్ లోపలే రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు తయారుచేసుకుంది ఏసీ మేడమ్. అలా తయారుచేయడానికే పదకొండు రోజులు పట్టింది. ఈ రెంటినీ ఎంత పాడుచేసినా పర్వాలేదు, ఒక్క బటన్ నొక్కితే మళ్ళీ కొత్తవై కూర్చుంటాయి. ఆ సౌకర్యం మనుషులకు లేదని అత్తగారు కొడుకు వంక చూస్తూ అన్నారు.

చదువు మొదలైంది. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదింటిదాకా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర. టేబుల్‌కి ఆ చివర అత్తగారు పేపరు చదువుతున్నట్టు కూర్చుని కాపలా. భర్త పక్క కుర్చీలో. ఆవిడ ఎంటర్ నొక్కబోయిన ప్రతిసారీ ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కేది.

"ఏవండీ, ఆ కాలు కాస్త ఆపండి."

"నా చేతుల్లో లేదోయ్. ఇరవై ఏళ్ల అలవాటు."

నోట్‌బుక్‌లో మందుల్లా వాడిన ముక్కలకు ఒక్కొక్కటిగా అర్థం తెలుస్తుంటే ఏసీ మేడమ్‌కి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పదకొండో పేజీలో ఆరు లైన్లుంటే, నాలుగు లైన్లు ఏ పనీ చేయనివి. ఒక లైను కేవలం తేదీ చూపిస్తుంది. మూడేళ్లుగా ఫార్మసీ ఆగినప్పుడల్లా తను ఎంతో శ్రద్ధగా కంప్యూటర్‌ని ఈవేళ తారీఖెంత అని అడుగుతూ వచ్చిందన్నమాట.

అత్తగారికి కంప్యూటర్ పరిభాష తెలియకపోయినా ఎక్కడ తప్పు పట్టాలో తెలుసు. ఒకరోజు ఏసీ మేడమ్ ఒక సర్వీసును, అంటే మెషీన్ లోపల ఎప్పుడూ నడుస్తుండాల్సిన పనిని, మొదలుపెట్టే కమాండూ, మెషీన్ లేచినప్పుడల్లా దానంతట అదే మొదలయ్యేలా చేసే కమాండూ కలిపేసుకుని తికమకపడుతోంది. స్టార్ట్ ఒకటి, ఎనేబుల్ ఒకటి.

"తేడా ఏమిటి?" అన్నారు అత్తగారు.

"స్టార్ట్ అంటే ఇప్పుడు నడుస్తుందత్తయ్యా. మెషీన్ ఆపి మళ్ళీ పెడితే నడవదు. ఎనేబుల్ అంటే మళ్ళీ పెట్టినా నడుస్తుంది. కానీ ఒక్క ఎనేబుల్ చేస్తే ఇప్పుడు నడవదు."

"పిల్లాడు ఇవాళ క్లాసులో కూర్చున్నాడు, కానీ రిజిస్టర్లో పేరు లేదు. అది స్టార్టు. పేరుంది, పిల్లాడు రాలేదు. అది ఎనేబులు. నాకు రెండూ కావాలి. మనిషీ ఉండాలి, పేరూ ఉండాలి."

ఆ తర్వాత ఏసీ మేడమ్ ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

ఆదివారాలు పొద్దున్న నమూనా పరీక్ష. పుస్తకం వెనకున్న పనుల పట్టికలోంచి అత్తగారు కొన్ని ఏరి కాగితం మీద రాసిచ్చేవారు. తొమ్మిదింటికి మొదలు, పన్నెండింటికి పెన్ డౌన్. పెన్ను ఎవరి దగ్గరా లేదని చెప్పినా వినేవారు కాదు. ప్రతి ఆదివారం ఏసీ మేడమ్ కొత్త మెషీన్లతో మొదలుపెట్టి, పనులన్నీ చేసి, ఒక్కొక్కటీ తెరమీద చూపించి నూటికి తొంభై తెచ్చుకునేది. అత్తగారు అయిదు మార్కులు అక్షర దోషాలకు కోసేవారు.

మూడో నెలలో మొదటి పరీక్ష. ఆసుపత్రి ట్రైనింగ్ గదిలో, కెమెరా ముందు. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు చాట్‌లో గది నాలుగు మూలలూ చూపించమన్నాడు, బల్ల కింద చూపించమన్నాడు, చెవులు చూపించమన్నాడు. ఆవిడ అన్నీ చూపించి మూడు గంటలూ ఎడతెగకుండా పనిచేసింది. ఇరవై పనుల్లో పంతొమ్మిది పూర్తి. బయటికొచ్చి భర్తకి ఫోన్ చేసి, "బాగానే వేశానండీ ఎనిమిది," అంది.

మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. మూడు వందలకు సున్నా.

రెండుసార్లు చదివింది. సున్నా పక్కన ఏదైనా అంకె దాక్కుందేమోనని మౌస్‌తో రుద్ది చూసింది. ఏమీ లేదు. ఆ గంటకు రిజిస్టర్లో గది వేడి రాయడం మర్చిపోయింది. ఆరేళ్లలో అదే మొదటిసారి.

స్లైడ్స్ సార్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ప్రయత్నించారు, అది ముఖ్యం. టోకెన్ కౌంటర్ కుర్చీకి కుషన్ వేయించమంటాను."

ఇంటికొచ్చి చెప్తే భర్త కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నా సర్వీసులో ఇద్దరికే సున్నా వేశాను. ఒకడు ఖాళీ కాగితం ఇచ్చాడు. ఇంకొకడు కాగితమే ఇవ్వకుండా కిటికీలోంచి దూకి పారిపోయాడు. నువ్వు ఆ రెండూ చేయలేదు కదా?"

"లేదత్తయ్యా. పంతొమ్మిది చేశాను. నా కళ్లతో చూసుకున్నాను." అంటూనే ఏసీ మేడమ్ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంక వద్దత్తయ్యా. నలభై ఆరేళ్లొచ్చాక నాకెందుకీ బాధ. టోకెన్లే చించుకుంటాను."

అత్తగారు ఓదార్చలేదు. ఆవిడకు ఆ విద్య రాదు. ల్యాప్‌టాప్ తెచ్చి కోడలి ముందు పెట్టారు.

"ఏడుపు తర్వాత. నిన్న అక్కడ ఏం చేశావో అదే వరసలో ఇక్కడ చెయ్యి. తప్పెక్కడుందో చూడందే నేను ఎవరినీ ఫెయిల్ కానివ్వను."

ముక్కు ఎగబీలుస్తూనే అంతా మళ్ళీ చేసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అత్తగారు లావు పుస్తకం మొదటి అధ్యాయం తీశారు. నెలల తరబడి ఎవరూ పట్టించుకోని పేజీ అది, పరీక్ష నియమాలు. వేలు పెట్టి చదివారు.

"ఇక్కడేదో రాశాడు. దిద్దే ముందు రెండు మెషీన్లనూ రీస్టార్ట్ చేస్తారట. ఆ తర్వాత ఏది మిగిలితే దానికే మార్కులు. నువ్వు రీస్టార్ట్ చేశావా?"

ఏసీ మేడమ్ నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచింది.

చేయలేదు. అక్కడా చేయలేదు, ఇన్ని ఆదివారాల్లో ఇంట్లోనూ చేయలేదు. మర్చిపోయిన పాస్‌వర్డ్ మార్చే పనికి మొదట్లో ఒకసారి తప్పనిసరై ఆపి పెట్టడమే గానీ, పనులన్నీ అయ్యాక ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎర్ర సిరా మొదటి పేజీ ఆవిడ ఒంట్లో అంతగా ఇంకిపోయింది. ఆసుపత్రి సర్వర్‌ని నాలుగేళ్లుగా ఎవరూ ఆపలేదు. ఆపితే లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ గది ముందు జనం చెప్పులు విప్పేది దుమ్ము పడుతుందని కాదు, దాన్ని చూసిన భయంతోనే.

"చెయ్యి," అన్నారు అత్తగారు.

చేసింది. ల్యాప్‌టాప్ రొద పెట్టింది. తెర మీద గబగబా అక్షరాలు పరుగెత్తి, సగంలో ఆగిపోయి, ఎమర్జెన్సీ మోడ్ అని చూపించింది. రెండో మెషీనూ అంతే. మెషీన్ లేవలేదు. లేవని మెషీన్‌లో పంతొమ్మిది పనులు చేస్తేనేం, పంతొమ్మిది వందలు చేస్తేనేం.

కారణం వెతకడానికి గంటన్నర పట్టింది. మెషీన్ లేవగానే ఏ డిస్కును ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే ఒక చిన్న ఫైలుంటుంది, ఎఫ్‌స్టాబ్ అంటారు. అందులో ప్రతి లైనులోనూ డిఫాల్ట్స్ అని రాయాలి. ఏసీ మేడమ్ డిఫాల్ట్ అని రాసింది. చివరి ఒక్క అక్షరం లేదు. నోట్‌బుక్ తీసి చూస్తే ఇరవయ్యో పేజీలో ఆ మాట అంచుదాకా వచ్చింది, చివరి అక్షరం ఉండాల్సిన చోట స్పైరల్ చిల్లు ఉంది. చిల్లును కూడా కలిపి బట్టీ పట్టింది ఆవిడ.

"అక్షర దోషానికి అయిదు మార్కులు కోస్తే నన్ను రాక్షసినన్నావు," అన్నారు అత్తగారు. "వాళ్ళు మూడు వందలు కోశారు. నాకు వాళ్ళంటే గౌరవం పెరిగింది."

ఏసీ మేడమ్‌కి ఏడుపు వస్తుందనుకుంటే నవ్వొచ్చింది. ఎంతగా నవ్విందంటే, పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూశారు.

మిగిలింది అయిదు వారాలు. చదివే పద్ధతి మొత్తం మారిపోయింది. బట్టీ పట్టడం బంద్. ఏ కమాండైనా దానికి సంబంధించిన సహాయ పేజీలు మెషీన్‌లోనే ఉంటాయి, పరీక్షలో కూడా చూసుకోనిస్తారు. అవి చదివి అర్థం చేసుకుని చేయాలి. గంటకోసారి రీస్టార్ట్ చేయాలి. మొదట్లో ఆ మాట టైపు చేసి ఆవిడ కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కేది. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. మెషీన్ లేచేలోపు కూరగాయలు తరుక్కునేది.

రెండో మార్పు అత్తగారిలో వచ్చింది. మెషీన్ చెడిపోతే బాగుచేయడమే అసలు పరీక్ష అని ఆవిడకు తట్టింది. "చేయడం వచ్చు నీకు. విరిగితే అతకడం రాదు. విరగ్గొట్టే పని నాకొదిలెయ్," అన్నారు.

మొదట్లో ఆవిడ విరగ్గొట్టడం మొరటుగా ఉండేది. దొరికిన ఫైల్లో పోయి ఇష్టమొచ్చిన అక్షరాలు కొట్టేవారు. ఏసీ మేడమ్ రెండు నిమిషాల్లో పట్టేసేది. అత్తగారికి అది నామోషీగా తోచింది. మధ్యాహ్నాలు కోడలు డ్యూటీలో ఉన్నప్పుడు లావు పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టారు. డెబ్బై ఒకటో ఏట ఆ మనిషికి చూపుడు వేలొక్కటే టైపింగు వచ్చు. ఆ వేలితోనే ఒకరోజు ఒక అంకె మార్చారు, ఒకరోజు ఒక ఫోల్డర్ యజమానిని మార్చారు, ఒకరోజు బయటివాళ్ళు లోపలికి రాకుండా కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఒక తలుపు మూసేశారు. ఏం చేశారో చెప్పేవారు కాదు.

"ఒక్క క్లూ ఇవ్వండత్తయ్యా. గంటయింది వెతకబట్టి."

"ప్రశ్నపత్రం లీక్ చేయమంటావా?"

"పోనీ ఏ మెషీనో చెప్పండి."

"రెండూ."

"అమ్మా, పాపం అలిసిపోయింది, చెప్పేయొచ్చుగా," అన్నాడు భర్త.

"నువ్వు కాలు తొక్కుకో నాన్నా," అన్నారు అత్తగారు.

ఒక శనివారం మాత్రం అత్తగారు తన పనితనంలో తనే ఇరుక్కున్నారు. ఆవిడ చేసిన చెడు ఎంత గొప్పగా ఉందంటే, ఏసీ మేడమ్ మూడు గంటలు వెతికినా దొరకలేదు. సరే చెప్పేస్తానని అత్తగారు ముందుకొచ్చారు. తీరా ఏం చేశారో ఆవిడకే గుర్తు లేదు. అత్తాకోడళ్లిద్దరూ ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని మెషీన్ తన డైరీలా రాసుకునే లాగ్ ఫైళ్లు ఒక్కో లైనూ చదువుకుంటూ పోయారు. మధ్యాహ్నం రెండింటికి దొరికింది. దొరికిన ఆనందంలో అత్తగారు కోడలి భుజం మీద ఒక్కటి చరిచారు. పెళ్లై ఇరవై రెండేళ్లలో ఆవిడ చూపించిన అతి పెద్ద ఆప్యాయత అదే. భుజం రెండు రోజులు నొప్పెట్టింది.

రెండో పరీక్ష ఇంట్లో రాస్తానంది ఏసీ మేడమ్. ట్రైనింగ్ గదంటే ఆ సున్నా గుర్తొస్తోంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, గోడల మీద రాతలు ఉండకూడదు, మధ్యలో తలుపు తెరవకూడదు. అన్నిటికీ సరిపోయే గది అత్తగారిదే. కేలెండర్ తీశారు. గోడ మీద అత్తగారి సన్మాన పత్రాలు ఉంటే అవీ తీయమన్నాడు చాట్‌లో పర్యవేక్షకుడు. అత్తగారు తలుపు బయటి నుంచే, "మంచి పిల్లాడే, శ్రద్ధగా చూస్తున్నాడు," అన్నారు. గొంతు వినిపించిందని అతను మొదటి హెచ్చరిక ఇచ్చాడు.

తలుపు మూసుకుంది. అత్తగారు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భర్తను వీధి గేటు దగ్గర నిలబెట్టారు, ఎవరైనా వస్తే బెల్లు కొట్టకుండా ఆపడానికి. ఆయన కొరియర్ అబ్బాయినీ, గ్యాస్ మనిషినీ, ఒక దూరపు చుట్టాన్నీ సైగలతోనే వెనక్కి పంపేశాడు. ఆ చుట్టానికి ఇప్పటికీ కోపమే.

లోపల మొదటి గంట సాఫీగా నడిచింది. తెలియని పాస్‌వర్డ్ ఉన్న మెషీన్‌ని లేచే దారిలో ఆపి, లోపలికెళ్ళి కొత్త పాస్‌వర్డ్ పెట్టడం ఆరు నిమిషాల్లో అయిపోయింది. యూజర్లను చేర్చింది, అనుమతులు ఇచ్చింది, రోజూ ఫలానా సమయానికి ఒక పని జరిగేలా పెట్టింది. అలవాటు ప్రకారం పెదవులు కదిలించి తనలో తను మాట్లాడుకుంటోంది. చాట్‌లో రెండో హెచ్చరిక వచ్చింది: దయచేసి మాట్లాడవద్దు. పద్నాలుగేళ్లు మాట్లాడడానికే జీతం తీసుకున్న మనిషి ఆవిడ. పెదవులు పళ్లతో నొక్కిపట్టుకుని ముందుకు సాగింది.

రెండో మెషీన్‌లో ఒక కొత్త డిస్కు భాగం తయారుచేసి, ఎఫ్‌స్టాబ్‌లో దాని గుర్తింపు సంఖ్య రాసి, చివరి అక్షరం రెండుసార్లు చూసుకుని, పరీక్షించి చూసింది. బాగుంది. ఆ తర్వాత చదివితే, వాళ్ళడిగిన సైజు వేరు. తిట్టుకుని దాన్ని తుడిచేసి, సరైన సైజుతో మళ్ళీ చేసింది. మిగతా పనుల్లో పడిపోయింది.

ఇంకా ముప్పై నిమిషాలున్నాయనగా రెండు మెషీన్లనూ రీస్టార్ట్ చేసింది. మొదటిది లేచింది. రెండోది లేవలేదు. ఎమర్జెన్సీ మోడ్.

ఏసీ మేడమ్ కుర్చీ వెనక్కి జరిపి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తలుపు అవతల అత్తగారి దగ్గు వినిపించింది. నెలరోజులుగా ఆ దగ్గు తర్వాత వచ్చే మాట కూడా వినిపించినట్టే అనిపించింది, ఏడుపు తర్వాత అని.

మెషీన్ పెత్తనమంతా ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్ళింది. లాగ్ చదివింది. ఫలానా సంఖ్య గల డిస్కు కోసం చూశాను, కనబడలేదు అని మెషీన్ నిజాయితీగా చెప్పుకుంది. ఎలా కనబడుతుంది, తుడిచి మళ్ళీ చేస్తే డిస్కుకు కొత్త సంఖ్య వస్తుంది. ఫైల్లో ఉన్నది చచ్చిపోయిన దాని సంఖ్య. అత్తగారు పెట్టిన చిక్కుల ముందు ఇది మూడో తరగతి లెక్క. కొత్త సంఖ్య చూసి రాసింది, పరీక్షించింది, మళ్ళీ రీస్టార్ట్ చేసింది. లేచింది. డిస్కు దాని చోట అది ఉంది. సర్వీసులన్నీ నడుస్తున్నాయి, రిజిస్టర్లో పేర్లూ ఉన్నాయి. ఇంకా పద్దెనిమిది నిమిషాలు మిగిలాయి. ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఊరికే ఉండలేక ఇంకో రెండుసార్లు రీస్టార్ట్ చేసింది.

మర్నాడు ఆసుపత్రిలో ఉండగా మెయిల్ వచ్చింది. మూడు వందలకు రెండు వందల నలభై ఏడు. పాసవ్వడానికి రెండు వందల పది చాలు.

ఏసీ మేడమ్ ఆ గంటకు రిజిస్టర్లో గది వేడి రాసింది. తర్వాత స్లైడ్స్ సార్ గదికి వెళ్ళి మెయిల్ చూపించింది. ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

"నిజంగా పాసయ్యారే."

"రికార్డులో రాసుకోండి సార్."

ఆయన మంచివాడే, కాకపోతే ప్రొజెక్టర్ లేకుండా ఆనందపడడం రాదు. వచ్చే మీటింగులో ఆవిడ మీద నాలుగు స్లైడ్లు వేస్తానన్నాడు. స్లైడ్లు వద్దు, సర్వర్ గది తాళాలు తన పేరు మీద రాసివ్వమంది ఆవిడ. గది వేడి రాయడానికి గోడకు ఒక చిన్న యంత్రం తగిలించమంది. ఇంకోటి కూడా అడిగింది, సర్వర్‌ని ఆదివారం పొద్దున్న ఒకసారి ఆపి పెట్టడానికి అనుమతి. మూడోది వినగానే ఆయన రంగు మారింది.

"లేవకపోతే?"

"లేపుతాను."

ఆయన గదిలో సర్టిఫికెట్లు పదకొండు ఫ్రేములు కట్టి ఉన్నాయి. అన్నీ బిట్ పేపర్లవే. ఆయన వాటి వంక ఒకసారి చూసి సంతకం పెట్టాడు. కొత్త ఉత్తర్వుల్లో ఆవిడ హోదా సిస్టమ్స్ ఇంచార్జి అని వచ్చింది. పిలవడం మాత్రం అందరూ ఏసీ మేడమ్ అనే పిలిచారు. ఆవిడా అభ్యంతరం చెప్పలేదు.

ఇంట్లో భర్త తన డ్రైవింగ్ స్కూల్ కారుకి వెనక అద్దం మీద "పాస్" అని పేపరు అంటించి వీధి చుట్టూ రెండు రౌండ్లు తిప్పాడు. ఎవరు పాసయ్యారో, ఏం పాసయ్యారో తెలియక జనం ఆయనకే చేతులు ఊపారు.

అత్తగారు మాత్రం మెయిల్ ప్రింటు తీయించుకుని, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు. ఒక చోట ఎర్ర గీత గీశారు.

"ఏంటత్తయ్యా, సంతోషంగా లేదా?"

"సంతోషమే. యాభై మూడు మార్కులు ఎక్కడ పోయాయి?"

"పాసయ్యాను కదా. ఏదో ఒకటి రెండు పనుల్లో పోయుంటాయి."

"ఏదో అంటే ఏది? ఫైర్‌వాల్‌లో పూర్తి మార్కులు లేవు ఇందులో. ఫైర్‌వాల్ నేను నీకు ఎనిమిదిసార్లు విరగ్గొట్టాను. ఎనిమిదిసార్లూ బాగుచేశావు. వీళ్ళు దిద్దడంలోనే తేడా ఉంది. పేపరు చూపించమని రాద్దాం."

"వాళ్ళు చూపించరత్తయ్యా. మెషీనే దిద్దుతుంది. రీవాల్యుయేషన్ లాంటివి ఉండవు."

"అడక్కుండానే ఉండవంటే ఎలా. ఆ ల్యాప్‌టాప్ ఇలా జరుపు."

ఏసీ మేడమ్ వద్దందామనుకుంది. పాసైనవాళ్లు రీవాల్యుయేషన్ అడిగితే నవ్వుతారని చెప్దామనుకుంది. కానీ ఫైర్‌వాల్ పని తను సరిగ్గానే చేసింది, ఆ సంగతి తనకు తెలుసు. రీస్టార్ట్ అయ్యాక కూడా చూసుకుంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

అత్తగారు చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టారు. గౌరవనీయులైన పరీక్షాధికారి గారికి, అయ్యా. అక్కడ ఆగి తలెత్తారు.

"అయ్యా అనాలా, అమ్మా అనాలా?"

"మెషీన్ కదత్తయ్యా. ఏదైనా అనుకోదు."

"అయితే అయ్యా ఉంచుదాం," అన్నారు అత్తగారు, మళ్ళీ వేలు కిందికి దించుతూ. "రెండో పేరా నువ్వు చెప్పు. స్పష్టంగా చెప్పు. ఏ పని, ఏ మెషీను, ఎన్ని మార్కులు."